శివాజీ అడిగిన విమానం

మా తార్‌బహార్ వీధిలో శివాజీ అని కేకేస్తే ముగ్గురు పలుకుతారు. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి రైల్వే కొలువుల కోసం బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో అది అంత మామూలు పేరు. అందుకే మా పక్కింటి శివాజీని ‘హవాయీ శివాజీ’ అంటారు, హిందీలో విమానం హవాయీ జహాజ్ కదా. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో చకర్‌భాఠా దగ్గరున్న విమానాశ్రయంలో అతను ఫైర్ డ్యూటీ చేస్తాడు. నేను బ్యాంకు ఉద్యోగం మీద విజయనగరం నుంచి వచ్చి ఆ వీధిలో అద్దెకు దిగి పదకొండేళ్లయింది. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత కళ్లారా చూశాను. మిగిలింది శివాజీ నోటివెంటా, ఆ రోజు అక్కడున్న మరి కొందరి నోటివెంటా విన్నాను.

శివాజీ తండ్రి సత్యనారాయణ లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన తండ్రి గ్యాంగుమన్. మూడో తరంలో శివాజీ కూడా రైల్వేలోనే చేరతాడని అందరూ అనుకున్నారు. అతను పరీక్ష మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ పోయింది. రైలు కూతలకు లేచి రైలు కూతలకు పడుకునే ఆ వీధిలో అది చిన్న సంగతి కాదు. తండ్రి రెండేళ్లపాటు కొడుకుతో ముఖాముఖి మాట్లాడలేదట. ఏదైనా చెప్పాలంటే, “వాడికి చెప్పీ” అని భార్యతో అనేవాడట. ఇరవై అయిదో ఏట శివాజీ నగర్ సేనలో చేరాడు. అది పోలీసులకు తోడుగా రాష్ట్ర ప్రభుత్వం నడిపే దళం. అక్కడ మంటలార్పడం నేర్పి, కొన్నేళ్లు ఊళ్లోని ఫైర్ స్టేషన్‌లో ఉంచి, తరవాత చకర్‌భాఠాకి పంపారు.

అప్పటికి అది విమానాశ్రయం కాదు. యుద్ధకాలంలో తెల్లవాళ్లు విమానాల కోసం వేసిన పట్టీ. ఏ మంత్రిగారో వస్తే తప్ప విమానం దిగేది కాదు. మిగతా రోజుల్లో చుట్టుపక్కల పల్లెల ఆవులు అక్కడ మేసేవి, కుర్రాళ్లు మోటారు సైకిళ్లు నేర్చుకునేవారు. విమానం వస్తోందని కబురు రాగానే కర్ర పట్టుకుని ఆవుల్ని తోలడం, దుమ్మూ గడ్డీ చూసుకోవడం, ఎర్ర బండి దగ్గర పైపులు సిద్ధంగా పెట్టుకుని నిలబడడం శివాజీ పని. ఆ తరవాత ఊరివాళ్లు ప్రయాణికుల విమానాలు కావాలని నెలల తరబడి ధర్నాకి కూర్చున్నారు. మా వీధిలో రిటైరైన రైల్వే తెలుగువాళ్లు కూడా మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లి ఆ షామియానా కింద కూర్చుని వచ్చేవారు. చివరికి గోడ కట్టారు, భవనం కట్టారు, రోజూ ఒకటో రెండో విమానాలు రావడం మొదలైంది. వాటితోపాటు శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు, ఎప్పుడైనా ఒక ఎయిర్ అంబులెన్సు. ఏది దిగినా, ఏది ఎగిరినా శివాజీ ఆ ఎర్ర బండి పక్కన ఉండాలి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ బండిలోని నీళ్లు విమానం మీద పొయ్యాల్సిన అవసరం రాలేదు.

“మా నాన్న అనీవోడు, పని లేని పనిరా నీది అని,” అన్నాడొకసారి నాతో. “నిజమే బాబూ. మేం పని సేసిన రోజున ఎవుడో ఒకడు పోయినట్టే కదా. పని లేకుంటేనే మంచిది.”

అతనికి కోపం రావడం నేను చూడలేదు. ఎవరినైనా ఏదైనా అడగడం అంతకన్నా చూడలేదు. రేషన్ షాపు వరసలో ఎవడైనా ముందుకు దూరినా పక్కకు జరిగి చోటిచ్చే మనిషి. అతని భార్య నీలవేణి ఎప్పుడూ అదే విసుక్కునేది. “ఈయనకి నోరుందని బువ్వ తిన్నప్పుడే తెలుస్తాది,” అనేది.

మూడేళ్ల క్రితం మాఘమాసంలో జరిగింది ఇది.

మా ఎదురింట్లో చిరంజీవి అనే కుర్రాడు ఉండేవాడు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్. శివాజీకి చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ “బాబాయ్” అని పిలవడం తప్ప. అతని భార్య ప్రసూన తొలికాన్పులో ఆడపిల్లను కన్నది. పిల్ల బాగానే ఉంది. తల్లికి మాత్రం కాన్పుకు ముందే కళ్లు పచ్చబడ్డాయి. కాన్పయ్యాక తగ్గుతుందన్న కామెర్లు ముదిరాయి. పదో రోజుకు మనిషి మగతలో పడిపోయింది. లివరు పనిచేయడం మానేస్తోందని, రక్తంలోని ప్లాస్మా మార్చి కొత్తది ఎక్కించే వైద్యం హైదరాబాదులో ఉందని, ఆలస్యం చేయొద్దని డాక్టర్లు చెప్పారు. పదకొండో రోజు సాయంత్రం రైలుకి టిక్కెట్లు తీశారు. కానీ పొద్దున్న రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు ఇంకో మాట అన్నాడు. “రైలు ప్రయాణం ఈమె తట్టుకుంటుందని నేను రాసివ్వలేను. రోడ్డు మీదైతే అసలే వద్దు.”

ఎయిర్ అంబులెన్సు అన్న మాట ఎవరో ఎత్తారు. ఆ ఖర్చు విన్నాక మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

శివాజీ డ్యూటీకి వెళ్తూ ఆస్పత్రి దగ్గర ఆగాడు. చిరంజీవి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా అన్నం తినలేదు.

“బాబాయ్, ఏటి సెయ్యమంటావు? రైలెక్కించమంటావా, ఇక్కడే ఉంచీమంటావా?”

శివాజీ కాసేపు అతని పక్కన మెట్టు మీద కూర్చుని, వేళవుతోందని లేచి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం రెండూ నలభైకి చిన్న తెల్ల విమానం ఒకటి చకర్‌భాఠాలో దిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఎయిర్ అంబులెన్సు. అందులో ఇద్దరు పైలట్లు, రజిని అనే డాక్టరు, ఒక నర్సు ఉన్నారు. బిలాస్‌పూర్‌లో బొగ్గు సంస్థలో పెద్ద ఉద్యోగం చేసే రామమోహన్ గారి భార్య శాంతాదేవిని హైదరాబాదు తీసుకెళ్లడానికి వచ్చింది, డబ్బు ముందే కట్టేశారు. గుండె జబ్బు. రామమోహన్‌ది మంచిర్యాల. అప్పట్లో చీకటి పడ్డాక అక్కడ విమానాలు ఎగిరే ఏర్పాటు లేదు. ఆ రోజు సూర్యాస్తమయం సరిగ్గా ఆరు గంటలకు. ఆలోగా కదలాలి, లేదా మర్నాటిదాకా ఆగాలి.

మూడు గంటలకు ఆస్పత్రి అంబులెన్సు గేటు దాటి లోపలికి వచ్చింది. విమానం దగ్గరికి వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది కానీ స్ట్రెచరు బయటకు రాలేదు. రజిని పరుగున వెళ్లి లోపలికి ఎక్కింది. నర్సు ఏవో పెట్టెలు పట్టుకుని వెనకే ఎక్కింది. ముప్పై గజాల దూరంలో ఎర్ర బండి దగ్గర నిలబడ్డ శివాజీకి, రజిని రెండు చేతులతో రోగి గుండె మీద నొక్కుతుండడం కనిపించింది. చాలాసేపు నొక్కింది. అరగంట తరవాత కిందికి దిగి, చేతి తొడుగులు తీసేసి, బయట నిలబడ్డ పెద్దమనిషితో తెలుగులో అంది: “సార్, దారిలోనే ఆగిపోయినట్టుంది. నా చేతనైంది చేశాను. మేడమ్ ఇక లేరు.”

తెలుగు విని శివాజీ అటు తిరిగాడు.

రామమోహన్ ఏడవలేదు. అంబులెన్సు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కొడుకు రాకేష్, ఇరవై ఆరేళ్లవాడు, కింద సిమెంటు మీద కూలబడి తల కొట్టుకున్నాడు. కొంతసేపటికి లేచి, ముఖం తుడుచుకుని రజినితో మాట్లాడాడు. అమ్మను ఇదే విమానంలో హైదరాబాదు తీసుకెళ్లాలి. అక్కణ్నుంచి మంచిర్యాల నాలుగైదు గంటల దారే. అమ్మమ్మ బతికి ఉంది, కూతుర్ని చూడాలి. రజిని కంపెనీకి ఫోన్ చేసింది. ఆస్పత్రి నుంచి మరణ ధ్రువపత్రం, పోలీసుల కాగితం పొద్దు కుంకేలోగా తెస్తే తీసుకెళ్లొచ్చని వాళ్లు చెప్పారు. రాకేష్ ఫోన్లు మొదలుపెట్టాడు.

శివాజీ నాతో ఈ భాగం చెప్పేటప్పుడు ప్రతిసారీ ఇదే అనేవాడు. “ఆ టైములో నా బుర్రలోకి అది ఎలాగొచ్చిందో తెల్దు బాబూ. రాకూడదు. ఆడకూతురు అప్పుడే పోయింది. ఒళ్లింకా వెచ్చగానే ఉంటాది. నాను ఆ విమానంలో మంచం కోసం చూస్తన్నాను.”

రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. మళ్లీ నాలుగడుగులు వేసి ఆగాడు. విమానం నేల మీదుండగా ఎర్ర బండిని వదిలి కదలకూడదన్నది అతని ఉద్యోగంలో మొదటి నియమం. తోటి జవాను “ఏం భయ్యా, ఎక్కడికి?” అని అడుగుతూనే ఉన్నాడు. మూడోసారి శివాజీ ఆగలేదు. రామమోహన్ ముందుకు వెళ్లి, తలమీది హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“సార్. నానిక్కడ ఫైర్ డ్యూటీ సార్. తెలుగువోణ్నే.”

రామమోహన్ అతని వైపు చూశాడు. ఏదో కాగితం మీద సంతకం అడగడానికి వచ్చాడనుకున్నట్టుంది. “ఏం కావాలె, చెప్పు.”

“ఇప్పుడు అడక్కూడదు సార్. తెలుసు. కొట్టినా పడతాను.” ఊరి వైపు చెయ్యి చూపించాడు. “ఊర్లో ఆస్పత్రిలో ఓ పిల్లుంది సార్. మా ఎదురింటి కోడలు. హైదరాబాదు తీసుకెళ్తే బతుకుతాదన్నారు. రైల్లో ఎల్తే దారిలోనే పోతాదన్నారు. ఈ విమానం...”

మాట పూర్తి కాలేదు. రాకేష్ వచ్చి అతని యూనిఫాం కాలరు పట్టుకున్నాడు. “షరమ్ నహీఁ ఆతీ? సిగ్గు లేదా? మా అమ్మ ఇక్కడుంటే నువ్వు విమానం అడుగుతావా? మనిషివేనా?”

శివాజీ చేతులు కిందికే ఉన్నాయి. హెల్మెట్ జారి సిమెంటు మీద పడి దొర్లింది.

“విడువు, రాకేష్,” అన్నాడు రామమోహన్.

“పాపా, ఈయన ఏం అంటున్నాడో విన్నారా?”

“విన్న. విడువు.” తరవాత శివాజీని అడిగాడు. “ఆ పిల్లకు ఎంత వయసుంటది?”

“ఇరవై నాలుగు సార్. పదకొండు రోజుల బిడ్డ ఉంది.”

రామమోహన్ రజిని వైపు తిరిగాడు. “డాక్టరమ్మా, ఇది అయ్యే పనేనా?”

రజిని వేళ్లమీద లెక్కపెట్టింది. “అవతలి ఆస్పత్రి చేర్చుకుంటామనాలి సార్. ఇక్కడి డాక్టరు రాసివ్వాలి. మా కంపెనీ ఒప్పుకోవాలి. ఐదున్నరకల్లా పేషెంటు ఇక్కడుండాలి. అవుతుందని నేను మాటివ్వలేను.”

“ఇద్దరినీ తీసుకుపోరాదా?”

“స్ట్రెచరు ఒక్కటే సార్.”

ఆయన అంబులెన్సులోకి ఎక్కి లోపలి నుంచి తలుపు వేసుకున్నాడు. బయట అందరూ నిలబడిపోయారు. ఐదు నిమిషాలు గడిచాయంటుంది రజిని. పావుగంట అంటాడు శివాజీ. లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. దిగినప్పుడు కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి.

“అమ్మను మనం రోడ్డు మీద తీసుకుపోదాం,” అన్నాడు కొడుకుతో.

“పాపా, పధ్నాలుగు గంటలు! మమ్మీని అలా...”

“పద్నాలుగు గంటలు మీ అమ్మకిప్పుడు ఏం కాదు బిడ్డా. మనకే కష్టం.” అక్కడితో ఆ మాట ముగించాడు.

శివాజీ చిరంజీవికి ఫోన్ చేశాడు. అవతల కుర్రాడికి మొదట అర్థం కాలేదు. “బాబాయ్, ఇది నవ్వులాటకి టైమేటి?” అన్నాడు. రెండోసారి చెప్పాక ఫోన్ పెట్టకుండానే పరుగెత్తిన చప్పుడు వినిపించింది. ఇక్కడ కంపెనీ వాళ్లు తర్జనభర్జన పడుతున్నారు. రోగి మారితే కాగితాలన్నీ మారాలి. రజిని వాళ్లతో గొడవ పడుతూ ఉండగా రామమోహన్ తన ఫోన్ తీసి హైదరాబాదు ఆస్పత్రిలో తెలిసిన డాక్టరుకు చేశాడు. శివాజీ పక్కనే ఉన్నాడు. ఆయన అన్న మాటలు ఇవి: “శాంత పోయింది సార్. అవును, ఇప్పుడే. ఆమెకని పెట్టిన మంచం ఉంది గదా, దాని మీదికి వేరే పేషెంటు వస్తున్నది. లివరు కేసు. మీ లివరు డాక్టరుకు నేను చెప్పిన్నని చెప్పండి. కాదనకండి.”

నాలుగున్నరకు కంపెనీ సరేనంది. బిలాస్‌పూర్ డాక్టరు, విమానంలో డాక్టరుంటుందంటే ఒక్క మాట కూడా మాట్లాడకుండా రాసిచ్చాడు.

ఆ తరవాత రామమోహన్, రాకేష్ అదే అంబులెన్సులో వెనక్కి బయల్దేరారు. మరణ పత్రం తీసుకుని, అక్కణ్నుంచి దూరప్రయాణానికి వేరే బండి మాట్లాడుకోవాలి. ప్రసూనను తెస్తున్న అంబులెన్సు దారిలో వాళ్లకు ఎదురొచ్చింది. సైరను లేకుండా మెల్లగా పోతున్న తెల్ల బండి ఒకటి తమకు దారిచ్చి రోడ్డు పక్కకు జరిగి ఆగిందని చిరంజీవికి గుర్తు. అందులో ఎవరున్నారో అతనికి ఆ తరవాత ఎప్పుడో తెలిసింది.

ఐదూ ముప్పై ఎనిమిదికి ప్రసూన చకర్‌భాఠా చేరింది. మనిషి పసుపు ముద్దలా ఉంది. పిలిస్తే కళ్లు తెరుస్తోంది కానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు. వెంట ఒక్కరికే చోటు. చిరంజీవి ఎక్కాలి. చంటిపిల్లను పొత్తిగుడ్డల్లో ఎత్తుకుని నీలవేణి వెనక ఆటోలో వచ్చింది. గేటు దాటి రానివ్వకపోతే అక్కడే నిలబడింది. చిరంజీవి కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చి, కూతుర్ని కంచెలోంచే చూసి, మళ్లీ పరుగెత్తాడు.

శివాజీ తన బండి దగ్గరికి వెళ్లి హెల్మెట్ పెట్టుకున్నాడు. పడమట చెట్ల మీద పొద్దు ఎర్రబడింది. రన్‌వే మీద నీడలు సాగాయి. ఐదూ యాభై నాలుగుకు విమానం చక్రాలు నేల విడిచాయి. అది కనిపించకుండా పోయేదాకా చూడాలనుకున్నాడట. కానీ మధ్యలోనే బండి మెట్టు మీద కూర్చుండిపోయాడు.

హైదరాబాదులో ప్రసూన ప్లాస్మాను నాలుగుసార్లు మార్చారు. లివరు మార్పిడి అవసరం రాలేదు. ఆరో రోజున భర్తను పోల్చుకుంది. ఇరవై ఆరో రోజున రైలెక్కి ఇంటికి వచ్చింది. అన్నాళ్లూ పిల్ల నీలవేణి దగ్గరే ఉంది. వీధిలో ఇద్దరు బాలింతలు వంతులు వేసుకుని పాలిచ్చారు.

ప్రసూన ఆటో దిగిన రోజున తార్‌బహార్ వీధంతా బయటికి వచ్చింది. హారతిచ్చారు. చిరంజీవి తల్లి శివాజీ కాళ్ల మీద పడబోయింది. అతను ఆవిణ్ని ఆపి, ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఎంత పిలిచినా బయటికి రాలేదు. ఏమైందోనని ఆ సాయంత్రం నేను వెళ్లాను.

“నా చేతిలో ఏటుంది బాబూ?” అన్నాడు. “ఇచ్చినాయన వేరే. అందరూ నాకు దండాలెడుతుంటే ఆ కుర్రోడు నా కాలరు పట్టుకున్నదే గుర్తొస్తంది. ఆడు అన్నదాంట్లో అబద్ధం లేదు.”

రాకేష్ అప్పటికే ఫిర్యాదు రాసి ఇచ్చాడు. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని డ్యూటీలో ఉన్న జవాను అవమానించాడని, విమానం కోసం ఒత్తిడి చేశాడని. విచారణ జరిగింది. రామమోహన్‌ను కూడా వాంగ్మూలం అడిగారు. ఆయన రెండే వాక్యాలు రాసి పంపాడు. ‘అతను అడిగాడు, నేను ఇచ్చాను. అవమానం జరగలేదు.’ అక్కడికి ఆ ఫిర్యాదు ఆగింది. కానీ విమానం నేల మీదుండగా బండిని వదిలి వెళ్లిన సంగతి మిగిలే ఉంది. అధికారి శివాజీని పిలిచి, “దగ్గరికి రమ్మని వాళ్లే పిలిచారని రాయి, పోతుంది,” అన్నాడట మంచి మనసుతో.

“వాళ్లు పిలవలేదు సార్. నానే వెళ్లాను,” అన్నాడు శివాజీ. అదే రాసి సంతకం పెట్టాడు. అతన్ని చకర్‌భాఠా నుంచి తీసేసి ఊళ్లోని ఫైర్ స్టేషన్‌కి వేశారు. పధ్నాలుగు నెలలు అక్కడ చేశాడు. ‘హవాయీ’ అన్న పేరు మాత్రం వీధివాళ్లు తీసెయ్యలేదు.

విచారణ ముగిసిన వారం తరవాత, ఎవరికీ చెప్పకుండా, శివాజీ రామమోహన్ క్వార్టరుకు వెళ్లాడు. తలుపు తీసింది రాకేష్. గుండు మీద జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది.

“నాన్న ఇంట్లో లేరు,” అన్నాడు రాకేష్.

“మీకోసమే వచ్చాను బాబూ.”

రాకేష్ లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. అక్కడే గడప మీద కూర్చున్నాడు. శివాజీ కింద మెట్టు మీద కూర్చున్నాడు. రాకేష్ ఆ రాత్రి రోడ్డు సంగతి చెప్పాడు. ఎక్కడెక్కడ రోడ్డు తవ్వి ఉందో, బండి ఎగిరినప్పుడల్లా తల్లి తల కదలకుండా తను ఎలా రెండు చేతులతో పట్టుకున్నాడో, మధ్యదారిలో టైరు పంచరైతే అడవి పక్కన గంటన్నర ఎలా ఆగిపోయారో చెప్పాడు. మర్నాడు పొద్దెక్కాక ఇల్లు చేరేసరికి, కూతురి కోసం రాత్రంతా వాకిట్లో కూర్చున్న అమ్మమ్మ స్పృహ తప్పి పడిపోయింది. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లారు. కూతుర్ని ఆమె చూడకముందే దహనం అయిపోయింది.

శివాజీ క్షమించమని అడగడానికి వచ్చాడు. అది విన్నాక ఆ మాట అనడానికి అతనికి నోరు రాలేదు.

“ఆమె బతికిందా?” అని అడిగాడు రాకేష్.

“బతికింది బాబూ.”

రాకేష్ తల ఊపాడు. లేచి లోపలికి వెళ్లి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. శివాజీ నీళ్లు తాగి, గ్లాసు గడప పక్కన బోర్లించి వచ్చేశాడు.

ప్రసూన కాస్త నడవగలిగాక రామమోహన్‌ను చూస్తానని పట్టుబట్టింది. చిరంజీవి నన్ను కూడా రమ్మన్నాడు, పెద్దవాళ్లతో మాట్లాడడానికి తోడుగా. శివాజీ మాత్రం రానన్నాడు. రామమోహన్ మమ్మల్ని కూర్చోబెట్టి తనే టీ పెట్టి తెచ్చాడు. పంచదార మరీ ఎక్కువైంది. భార్య పోయాక నేర్చుకుంటున్నానన్నాడు. గోడ మీద ఆమె ఫొటో ఉంది, దానికి ఇంకా దండ వెయ్యలేదు. ప్రసూన ఒళ్లో పిల్లను చూపించి, ముందే అనుకుని వచ్చిన మాట అంది.

“పిల్లకి పేరెట్టలేదండీ ఇంకా. అమ్మగారి పేరు పెట్టుకుంటాం. మీరు సరేనంటే.”

ఆయన పిల్లను చూశాడు. ఎత్తుకోలేదు.

“వద్దమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “ఆ పేరుతోటి నేను ముప్పై ఏండ్లు ఒక్కరినే పిలిచిన. ఇంకొకరిని పిలుస్తుంటే వినలేను. పిల్లకు మీకు నచ్చింది పెట్టుకోండి. ఈ బిడ్డ ఎవరికీ బాకీ లేదు.”

ప్రసూన ఏడ్చింది. ఆయన ఆమెకు తన టవలు ఇచ్చాడు. మేం లేచేటప్పుడు, “ఆ ఫైర్ ఆయన బాగున్నాడా?” అని అడిగాడు. వేరే చోటికి మార్చారని చిరంజీవి చెప్తే, “నేను రాసింది చాలలేదన్నమాట,” అని మాత్రం అన్నాడు. మరో రెండు నెలలకు ఆయన రిటైరై మంచిర్యాల వెళ్లిపోయాడు. పిల్లకు జ్యోతిర్మయి అని పేరు పెట్టారు.

శివాజీ చకర్‌భాఠాకి తిరిగి వచ్చి ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. అదే ఎర్ర బండి, అదే చోటు. ఆవులు గోడ దాటి రావు కానీ గద్దలు వస్తాయి, వాటిని టపాకాయలతో తోలతాడు. ఎయిర్ అంబులెన్సు వచ్చిన రోజుల్లో ఇంటికొచ్చాక మాట్లాడడని నీలవేణి చెప్పింది. మళ్లీ అలాంటిదొస్తే అడుగుతావా అని నేనొకసారి అన్నాను. “ఆ పిల్ల కళ్లముందు తిరగతంది కాబట్టి అడుగుతాననీగలను. ఆ ముసలమ్మ సంగతి తెలిసి కూడా అడగ్గలనా అంటే తెల్దు బాబూ,” అన్నాడు.

కిందటి భాద్రపదంలో ఒక మధ్యాహ్నం అతని ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల రాకేష్. ఇప్పుడు అతను దగ్గర్లోని కోర్బాలో ఉద్యోగం చేస్తున్నాడు. తన స్నేహితుడి తండ్రికి పక్షవాతం వచ్చింది, ఆ సాయంత్రమే విమానంలో తీసుకెళ్తున్నారు. గేటు దగ్గర ఏ కాగితాలు అడుగుతారు, అంబులెన్సును ఏ వైపు నుంచి రానిస్తారు, వాన పడితే విమానం దిగుతుందా అని ఒకటి తరవాత ఒకటి అడిగాడు. శివాజీ అన్నీ చెప్పాడు. గేటు దగ్గర తనే ఉంటానన్నాడు.

ఫోన్ పెట్టేముందు రాకేష్ ఇంకొకటి అడిగాడు.

“అచ్ఛా, ఆ పాప... ఎలా ఉంది?”

“ఇంకేటి బాబూ, వీధంతా తిరగతంది. పట్టుకోలేకపోతన్నాం.”

“సరే,” అన్నాడు రాకేష్. “నాలుగింటికి వస్తున్నాం.”

నాలుగింటికి వాళ్లు వచ్చారు. సన్నగా వాన పడుతోంది. శివాజీ గేటు తీయించి, గొడుగు పట్టుకుని స్ట్రెచరు పక్కన విమానం దాకా నడిచాడు. రాకేష్ రెండో వైపు నడిచాడు. ఆ రోజు ఎర్ర బండి దగ్గర నిలబడే వంతు తోటి జవానుది.